మిషన్ల సంగీతమేనా అది?

1980ల తొలినాళ్ల ఇంగ్లీషు పాప్ పాటలంటే చాలామందికి మెరిసే బట్టలు, ఎగదువ్విన జుట్టు, కీబోర్డు చప్పుళ్లు గుర్తొస్తాయి. ‘అదంతా మిషన్ల సంగీతం’ అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. ఆ మాట నాకెప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. మిషన్లు ఉన్నమాట నిజం. వాటి చేత ఆ పాటలు పలికించడానికి మనుషులు పడిన పాట్లు మాత్రం మనం వినిపించుకోలేదు.

ఫిల్ కాలిన్స్ ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ 1981 జనవరిలో వచ్చింది. మూడున్నర నిమిషాలకు పైగా ఆ పాట ఒక చిన్న రిథమ్ బాక్స్ టకటకల మీద, దాదాపు గుసగుసగా నడుస్తుంది. ఆపైన ఒక్కసారిగా అసలు డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఆ మోతలోని కిటుకు అంతకుముందే లండన్ టౌన్‌హౌస్ స్టూడియోలో, పీటర్ గాబ్రియేల్ ఆల్బమ్ పనిలో దొరికింది. వాద్యకారుల మాటలు కంట్రోల్ రూములో వినబడేందుకు లోపల ఒక మైకు ఉండేది. సన్నటి మాట కూడా జారిపోకుండా దానికి గట్టి కంప్రెసర్ తగిలించారు. అది తెరిచి ఉండగా కాలిన్స్ డ్రమ్ము మీద దెబ్బ వేశాడు. గదంతా ఉప్పొంగినట్టు వినిపించింది! ఇంజినీరు హ్యూ పాడ్జమ్ దానికి నాయిస్ గేట్ కలిపాడు. ప్రతిధ్వని పెద్దగా లేచి, తలుపు మూసినట్టు టక్కున ఆగిపోతుంది. ఆ ఆల్బమ్‌లో సింబల్స్ వద్దని గాబ్రియేల్ పట్టుబట్టడం కలిసొచ్చింది. వాటి సాగే మోత లేదు కాబట్టే, దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం అంత శుభ్రంగా మిగిలింది. తర్వాత పదేళ్లపాటు సగం ప్రపంచం ఆ డ్రమ్మునే అనుకరించింది.

1980లో అమెరికాలో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎమ్-1 అనే డ్రమ్ మిషన్ అసలు డ్రమ్ముల శబ్దాలనే చిప్పుల్లో నిల్వ చేసింది. షెఫీల్డ్ బృందం హ్యూమన్ లీగ్, నిర్మాత మార్టిన్ రషెంట్‌తో కలిసి 1981లో ‘డేర్’ ఆల్బమ్‌ను దాని మీదే కట్టింది. ‘డోంట్ యూ వాంట్ మీ’ ప్రధాన గాయకుడు ఫిలిప్ ఓకీకే నచ్చలేదు. అందుకే ఆల్బమ్‌లో అది చిట్టచివరి పాట. ఆ క్రిస్మస్‌కు బ్రిటన్‌లో నంబర్ వన్ అదే. బృందంలో పాడిన అమ్మాయిలు క్లబ్బులో డాన్సు చేస్తుండగా ఓకీ కంటపడ్డవాళ్లు, సంగీతం నేర్చినవాళ్లు కారు. తూచినట్టు నడిచే మిషన్ తాళం పక్కన ఆ సాదా గొంతు వినిపించడంలోనే ఆ పాట అందమంతా ఉంది.

యురిథ్మిక్స్ జంటదీ అదే దారి. లండన్‌లో ఫ్రేములు కట్టే దుకాణం పైన, ఎనిమిది ట్రాకుల టేపు మీద ‘స్వీట్ డ్రీమ్స్’ చేసుకున్నారు. మధ్యలో వినిపించే ఒక శబ్దం పాలసీసాలది. శ్రుతికి సరిపడా నీళ్లు పోసి వాయించారు. జలతరంగం ఎరిగిన మనకు అందులో వింతేమీ ఉండదు.

ఇక మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’. ఈ పాటలోని పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. క్విన్సీ జోన్స్ నిర్మాత, బ్రూస్ స్వీడియన్ ఇంజినీరు. డ్రమ్ముల కోసం స్వీడియన్ ప్రత్యేకంగా ఒక వేదిక చేయించాడు, కిక్ డ్రమ్ముకు తొడుగు వేయించాడు, స్నేర్‌కూ హై-హ్యాట్‌కూ మధ్య చెక్క అడ్డం పెట్టాడు. ఒకదాని చప్పుడు మరోదాని మైకులో పడకూడదు. ఎన్‌డుగు చాన్స్‌లర్ వాయింపు మిషన్ అంత నిక్కచ్చిగా ఉంటుంది, అయినా ఊపిరి ఆడుతుంటుంది. కొన్ని ముక్కలను జాక్సన్ చేత పొడవాటి అట్టగొట్టంలోంచి పాడించారు. మిక్స్ 91 సార్లు చేసి, చివరికి రెండోసారి చేసినదానికే తిరిగొచ్చారు. మొదలు మరీ సాగిందని జోన్స్ అన్నా, అది వింటే తనకు ఆడాలనిపిస్తుందని జాక్సన్ ఒప్పుకోలేదు. అతను పట్టు నిలబెట్టుకోవడం మన అదృష్టం.

రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మిషన్ సంగతి వేరు. అది అసలు డ్రమ్ములా వినిపించదు, అందుకే మొదట్లో పెద్దగా ఆదరణ దొరకలేదు. 1982లో మార్విన్ గే ‘సెక్సువల్ హీలింగ్’లో ఆ మెత్తటి టిక్కుటిక్కులనే అందంగా నిలబెట్టాడు.

మన దేశానికి ఎమ్‌టీవీ 1991లో గాని రాలేదు. అంతదాకా ఈ పాటలు చాలా ఇళ్లకు గల్ఫ్ నుంచి వచ్చిన టూ-ఇన్-వన్‌ల మీద, కాపీల మీద కాపీలు చేసిన క్యాసెట్లలో చేరాయి. అరిగిన టేపులో బేస్ ముద్దయిపోయేది, హై-హ్యాట్ మాయమయ్యేది. ఆ పాటల పనితనంలో సగం మన చెవిదాకా రాలేదు.

ఇప్పుడు ఆ లోటు లేదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘బిల్లీ జీన్’ మళ్లీ వినండి. గొంతు అందుకోవడానికి ముందు దాదాపు అర నిమిషం ఉంటుంది. డ్రమ్ము, బేస్, షేకర్, కీబోర్డు ఒక్కొక్కటే ఎక్కడ వచ్చి చేరుతున్నాయో గమనించండి.