'తహ్ఖీఖ్'కు 'పరిశోధన' సరిపోతుందా?

అరబ్బీ, ఉర్దూ గ్రంథాలను తెలుగు చేసేవారు 'తహ్ఖీఖ్' అన్న పదం ఎదురైన ప్రతిచోటా 'పరిశోధన' అని రాసి ముందుకు సాగుతారు. అలవాటు పాతదే. అంతమాత్రాన అది నిర్దోషం కాదు.

'పరిశోధన'కు మూలం 'శుధ్' ధాతువు. మలినాన్ని తొలగించి శుభ్రం చేయడం దాని భావం. పుట్టుక గొప్పదే గాని, వాడుకలో ఆ మాట వెదకడం వరకే దిగిపోయింది. విశ్వవిద్యాలయ పట్టానికి రాసేదీ పరిశోధనే, దొంగను గాలించే చవక నవలా 'అపరాధ పరిశోధనే'. 'తహ్ఖీఖ్'లో మాత్రం 'హఖ్' ఉంది. హఖ్ అంటే సత్యం, స్థిరంగా నిలిచేది. విన్నదాన్ని పరీక్షకు పెట్టి, నిజానిజాలు రూఢి చేసినప్పుడే అది తహ్ఖీఖ్. ఉత్త వెదకులాటకు అరబ్బీలో 'బహ్‌స్' అనే వేరే మాట ఉంది. అల్ మాయిదా సూరా 31వ ఆయత్‌లో కాకి నేలను గీరిన సందర్భంలో వచ్చే క్రియ ఆ ధాతువుదే. (ఉర్దూలోకి వచ్చాక అది వాదప్రతివాదమై కూర్చుంది.)

ఈ తేడా నిఘంటువులకే పరిమితమా? తెలుగు చదువరికి తెలిసిన లేపాక్షినే తీసుకుందాం. హిందూపురం దగ్గరి ఆ ఊరు 2022 వరకు అనంతపురం జిల్లాలోనిది. దాని పేరుకు జనం చెప్పే వ్యుత్పత్తులు రెండు. నేలకొరిగిన జటాయువును రాముడు 'లే, పక్షీ' అన్నాడని ఒకటి. ఆలయానికి ఖజానా సొమ్ము వెచ్చించిన నిందకు విరూపణ్ణ కన్నులు పోగొట్టుకున్నాడు గనుక 'లోపాక్షి' అని మరొకటి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. వాటిని సేకరించి పక్కపక్కన అచ్చువేస్తే తెలుగులో పరిశోధన అనిపించుకుంటుంది, ఎవరూ తప్పుపట్టరు. తహ్ఖీఖ్ అనడానికి వీలులేదు. అందుకు అచ్యుతదేవరాయల కాలపు (1529–1542) ఆలయ శాసనాల దగ్గరికి పోవాలి. విరూపణ్ణ పేరు అక్కడ నిలుస్తుంది; కన్నుల కథకు ఆసరాగా చూపేవి గోడమీది ఎర్ర మరకలు. మరక ఉన్నదని కన్ను చెబుతుంది, ఎవరి నెత్తురో చెప్పదు. వేలాడే స్తంభం సంగతీ అంతే. కింద గుడ్డ దూర్చి చూస్తే ఎడం ఉన్నదని తేలుతుంది, ఎందువల్లనో తేలదు.

వినికిడి వేరు, కంటితో చూడడం వేరు అన్న ఈ విచక్షణతోనే అల్ బిరూనీ 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి తన గ్రంథం మొదలుపెట్టాడు. దాని పేరులో మొదటి మాటే 'తహ్ఖీఖ్'. 1888లో సఖావ్ ఆంగ్లానువాదం 'అల్బెరూనీస్ ఇండియా'గా వెలువడినప్పుడు ముఖపత్రం మీద ఆ మాట జాడే లేకుండా పోయింది. గ్రంథకర్త చేసిన పని మరుగై, దేశం పేరు మిగిలింది.

హదీసు విషయంలో నష్టం ఇంకా పెద్దది. ముహద్దిసులు 'పరిశోధించారు' అంటే హదీసుల కోసం ఊరూరా తిరిగారని పాఠకుడు తలుస్తాడు. తిరిగిన మాట వాస్తవమే. కాని ఉల్లేఖకుల పరంపరలో ఒక్కొక్కరి నిజాయితీని, జ్ఞాపకశక్తిని తూచి తీర్పు చెప్పడం ఆ మాటలో కనిపించదు. ఇక్కడ 'నిర్ధారణ' అనడం మేలు. ముద్రిత అరబ్బీ గ్రంథం ముఖపత్రం మీద 'తహ్ఖీఖ్' అని ఒక పండితుని పేరుంటే, ఆయన రాతప్రతులను సరిపోల్చి పాఠాన్ని స్థిరపరిచాడని అర్థం. తాళపత్రాలతో తలపడిన తెలుగు పండితులు ఆ పనికి 'పరిష్కరణ' అన్న మాటను ఏనాడో స్థిరపరిచారు. అక్కడ 'పరిశోధన' అని అచ్చువేయడం ఆ పండితునికీ అన్యాయమే, తెలుగుకూ అన్యాయమే.