పనితనమా? సిద్ధాంతమా?

ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను కెర్నెల్ అను మూలభాగ మొకటి పనిచేయుచుండును. దాని పేరు లినక్సు. లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి దీనిని 1991లో ఆరంభించెను. 1992 నుండి ఇది జి.పి.యల్. అను లైసెన్సు క్రింద వెలువడుచున్నది. దీని సోర్స్ కోడ్‌ను, అనగా ప్రోగ్రాము యొక్క మూలరచనను, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. అయితే పంచువారు తాము పొందిన స్వేచ్ఛను ఇతరులకును ఈయవలెను.

ఈ లైసెన్సును రూపొందించిన రిచర్డ్ స్టాల్‌మన్ దృష్టిలో ఇది నీతికి సంబంధించిన విషయము. సోర్స్ కోడ్‌ను దాచుట అన్యాయము. టోర్వాల్డ్స్ దృష్టి వేరు. పనికి ఏది మేలైనదో అదియే వాడదగినదని అతని మతము. ఈ రెండింటిలో ఏది సరియని విద్యార్థులు అడుగుచుందురు. వట్టి వాదముకంటె జరిగిన కథను పరిశీలించుట మేలు.

లినక్సునకు వందలాదిమంది పంపు మార్పులు ఈ-మెయిలు ద్వారా టోర్వాల్డ్స్‌కు చేరుచుండెను. అన్నియు ఒక్కడే చూడవలసివచ్చుటచే కొన్ని మరుగున పడుచుండెను. మార్పుల చిట్టాను నిర్వహించు ప్రోగ్రాము అవసరమయ్యెను. ఆనాడు స్వేచ్ఛగా లభించు సి.వి.యస్. వంటివానిలో చిట్టా యంతయు ఒకే కేంద్ర యంత్రములో నుండును. బిట్‌కీపర్ అను ప్రోగ్రాములోనైతే పనిచేయు ప్రతివానియొద్దను పూర్తి చిట్టా యుండును. ఎవరికి వారు పనిచేసి, తరువాత కలుపుకొనవచ్చును. కాని అది యొక సంస్థ సొత్తు. దాని సోర్స్ కోడ్ బయటివారికి అందదు. 2002లో టోర్వాల్డ్స్ దానినే ఎన్నుకొనెను. వెల లేదు గాని షరతు కలదు: ఉచితముగా వాడువారు దానికి పోటీయగు ప్రోగ్రామును తయారుచేయరాదు.

ఈ నిర్ణయమును తేలికగా తోసివేయరాదు. పని వేగము నిజముగనే పెరిగెను. నిందించినవారు దానికి సాటివచ్చు పనిముట్టును చూపలేకపోయిరి. సిద్ధాంత మెంత గొప్పదైనను అదియే ప్రోగ్రామును వ్రాసిపెట్టదు. నా విమర్శ వేరొకటి. టోర్వాల్డ్స్ పనితనమును నేటివరకే కొలిచెను. రేపటిని లెక్కలో వేసికొనలేదు.

రేపు 2005లో వచ్చెను. ఆండ్రూ ట్రిడ్జెల్ అను ప్రోగ్రామరు బిట్‌కీపర్‌లోని సమాచారమును బయటకు తీయు ప్రోగ్రామును వ్రాయుచుండగా, సంస్థకు కోపము వచ్చి ఉచిత ప్రతిని ఆపివేసెను. వేలకొలది మార్పులను మోయుచున్న బండికి ఒక్కసారిగా ఇరుసు ఊడినట్లయ్యెను. అప్పుడు టోర్వాల్డ్స్ ఏప్రిల్ నెలలో కొలది దినములలోనే గిట్ అను ప్రోగ్రాము యొక్క తొలిరూపమును వ్రాసెను. దానికి జి.పి.యల్. లైసెన్సునే యిచ్చెను. జూన్ నెలలో వెలువడిన లినక్సు 2.6.12 గిట్ సాయముననే తయారయ్యెను.

బిట్‌కీపర్ లేనిచో గిట్ పుట్టెడిదా యని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మూడేండ్ల వాడుక వలననే ఎట్టి పనిముట్టు కావలయునో తెలిసినది. కాని ఆపద వచ్చిన ప్రతిచోట ఒక టోర్వాల్డ్స్ ఉండడు గదా! 2016లో బిట్‌కీపర్ సోర్స్ కోడ్‌ను కూడ బయటపెట్టిరి. అప్పటికే లోకమంతయు గిట్‌నకు అలవాటుపడెను.

కథ ముగియలేదు. నేడు అనేక ప్రాజెక్టులు తమ గిట్ చిట్టాలను గిట్‌హబ్‌లో ఉంచుచున్నవి. అది 2018 నుండి మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందినది; దానిని నడుపు సాఫ్ట్‌వేరు సోర్స్ కోడ్ అందరికిని తెరచినది కాదు. చిట్టా ప్రతి ప్రతివానియొద్ద నుండుట ఒక ఊరట. కాని అచట జరిగిన చర్చలు, నమోదైన లోపముల వివరములు ఆ చిట్టాతోపాటు తమంతట తాము రావు.

కావున పాఠశాలకు ఏ సాఫ్ట్‌వేరునైన ఎన్నుకొనునపుడు ఉపాధ్యాయులు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది మన పని చేయునా? ఇచ్చినవాడు రేపు తిరిగి తీసికొన్నచో మనకు మిగులున దేమి? మొదటిది పనితనమునకు, రెండవది సిద్ధాంతమునకు చెందినదని తోచును. నిజమునకు రెండును పనితనమునకు చెందిన ప్రశ్నలే.