నేపథ్య కర్తృత్వం: ‘అమృతం’ ధారావాహిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

టెలివిజన్ ధారావాహికను గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా నటీనటులను, ఇతివృత్తాన్ని, ఛానల్‌ను ప్రస్తావిస్తాం. తెర వెనుక పనిచేసిన రచయితలు, దర్శకులు, సంగీతకారులు, కళానిపుణుల పాత్ర విమర్శకు అందకుండా మిగిలిపోతోంది. జెమిని టీవీలో 2001 నుండి 2007 వరకు ప్రసారమైన ‘అమృతం’ను ఆధారంగా చేసుకొని, ఒక ధారావాహికకు కర్త ఎవరన్న ప్రశ్నను, నేపథ్యబృందపు శక్తిని, దాని పరిమితిని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అమృతం, నేపథ్యం, కర్తృత్వం, ఆహార్యం, మకుటం, టెలివిజన్ విమర్శ.

1. ఉపోద్ఘాతం

కావ్యానికి కవి, నవలకు రచయిత, చలనచిత్రానికి దర్శకుడు కర్త అని చెప్పడానికి మనం అలవాటుపడ్డాం. వారం వారం ఏళ్ల తరబడి సాగే ధారావాహిక విషయంలో ఈ అలవాటు పనికిరాదు. అక్కడ రచయితలు మారుతారు, దర్శకులు మారుతారు, ఒక్కొక్కసారి ప్రధాన నటుడే మారుతాడు. అయినా ప్రేక్షకుడు దానిని ఒకే రచనగా గుర్తిస్తాడు. ఆ ఏకత్వం ఎక్కడి నుండి వస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. అభిమానుల జ్ఞాపకంలో దశాబ్దాలుగా నిలిచిన ‘అమృతం’ ఈ ప్రశ్నను పరీక్షించడానికి అనువైన పాఠ్యం.

2. నేపథ్యం: శాస్త్రార్థం, దేశిసంప్రదాయం

వ్యవహారంలో ‘నేపథ్యం’ అంటే పూర్వరంగం, వెనుకటి సందర్భం అని అర్థం స్థిరపడింది. నాట్యశాస్త్ర పరిభాషలో అది తెర వెనుక పాత్రధారులు వేషం వేసుకొనే చోటు. ఆ వేషరచనకూ అదే పేరు. ఆంగిక, వాచిక, సాత్త్వికాలతో పాటు నాలుగవదైన ఆహార్యాభినయాన్ని భరతుడు నేపథ్యజమైన విధిగానే నిర్వచించాడు. అంటే తెర వెనుక జరిగే పనిని ఆయన అభినయానికి సహాయంగా గాక, అభినయంలో ఒక భాగంగా లెక్కించాడు. ధనంజయుడు దశరూపకంలో చెప్పిన అయిదు అర్థోపక్షేపకాలలో ‘చూలిక’ తెర లోపలి వారు కథాంశాన్ని సూచించే పద్ధతి. కనిపించని వ్యక్తి మాటకు రూపకనిర్మాణంలో స్థానం ఉందని దీనివల్ల తెలుస్తుంది.

దేశికళల్లో తోలుబొమ్మలాట ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. తెరపై కదిలేది బొమ్మ. పద్యం, సంభాషణ, అడుగుల చప్పుడు, బంగారక్క, జుట్టుపోలిగాళ్ల సరసం అన్నీ వెనుక నిలబడినవారివే. బొమ్మ పాతబడి కొత్తది వచ్చినా ఆటగాడి గొంతు పాత్రను నిలుపుతుంది.

3. రామంతాపూర్ నుండి ప్రైవేటు ఛానళ్ల వరకు

తెలుగు టెలివిజన్‌లో నేపథ్యవృత్తులు ఒక వ్యవస్థగా రూపొందింది దూరదర్శన్‌లో. 1975–76లో జరిగిన ఉపగ్రహ బోధనా ప్రయోగం (సైట్) తెలుగు పల్లెలకు టెలివిజన్‌ను పరిచయం చేసింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. హైదరాబాదు తూర్పు భాగంలో అంబర్‌పేట్‌కు, ఉప్పల్‌కు నడుమ ఉన్న రామంతాపూర్‌లోని దూరదర్శన్ కేంద్రం చాలాకాలం తెలుగు కార్యక్రమాలకు ప్రధాన నిలయం. ప్రొడ్యూసర్, కెమెరామన్, ఫ్లోర్ మేనేజర్, మేకప్ కళాకారుడు, ఎడిటర్ వంటి పనులు అక్కడ ఉద్యోగ హోదాలుగా ఉండేవి. ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి ఇంటింటా గుర్తింపు తెచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ వంటి హాస్యధారావాహిక ఆ దూరదర్శన్ యుగానికి చెందినదే.

1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు ప్రారంభమైన తర్వాత ధారావాహిక నిర్మాణం విస్తరించి క్రమంగా స్వతంత్ర నిర్మాణసంస్థల చేతికి వచ్చింది. ప్రభుత్వ కేంద్రంలో ఉద్యోగిగా ఉన్నవాడి పేరు కనీసం సేవాపుస్తకంలో మిగులుతుంది. ఒక్కొక్క ధారావాహికకు కుదిరే సాంకేతికుడికి టైటిల్స్‌లో వచ్చే పేరే తన పనికి మిగిలే సాక్ష్యం. ‘అమృతం’ ఈ రెండవ వ్యవస్థలో పుట్టింది.

4. ‘అమృతం’: బృందం, నిర్మాణం

‘లిటిల్ సోల్జర్స్’ (1996) చలనచిత్రాన్ని తీసిన గుణ్ణం గంగరాజు జస్ట్ ఎల్లో సంస్థ పక్షాన ‘అమృతం’ను రూపొందించారు. 2001 నవంబర్‌లో మొదలై 2007 నవంబర్ వరకు 313 భాగాలు ప్రసారమయ్యాయి. ఆరేళ్లలో ఉన్న వారాల సంఖ్య కూడా దాదాపు అంతే. వారానికొక పూర్తి కథ రాసి, చిత్రీకరించి, కూర్చి ఇవ్వవలసిన శ్రమను ఈ లెక్క సూచిస్తుంది. తొలినాళ్ల భాగాలకు చంద్రశేఖర్ ఏలేటి దర్శకత్వం వహించారు. హర్షవర్ధన్, ఎస్.ఎస్. కాంచి వంటి వారు రచనలో పాల్గొన్నారు. శీర్షికాగీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించగా కల్యాణి మాలిక్ స్వరపరిచారు.

4.1. మకుటనిర్మాణం

‘అమృతం’ కథ ముందుకు సాగే కథ కాదు. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు ‘అమృత విలాస్’ హోటల్‌ను నడుపుతారు. ఇంటి యజమాని అప్పాజీ, హోటల్‌లో పనిచేసే సర్వం, ఇద్దరి భార్యలు వారి లోకం. ప్రతి వారం ఒక కొత్త ఎత్తుగడ పుడుతుంది, బెడిసికొడుతుంది. మరుసటి వారం అంతా యథాస్థితికి వస్తుంది. దీనిని ప్రబంధంతో కంటే శతకంతో పోల్చడం సముచితం. శతకంలో ప్రతి పద్యం ముక్తకమే. మకుటం వాటిని ఒక దారాన గుచ్చుతుంది. ఇక్కడ శీర్షికాగీతం, హోటల్ సెట్టు, అద్దె ఇల్లు మకుటంగా పనిచేశాయి. ఆంజనేయులును సంబోధిస్తూ సాగే ఆ గీతం కష్టాలను భూతద్దంలో చూడవద్దని మిత్రుడికి చెప్పే ఓదార్పు. కథ మొదలుకాకముందే ఆ వారపు అపజయాన్ని ఏ దృష్టితో చూడాలో అది ప్రేక్షకుడికి చెబుతుంది. పైన చెప్పిన చూలికకు ఇది ఆధునిక రూపం. సినీగీతరచయితగా లబ్ధప్రతిష్ఠుడైన కవి ఒక హాస్యధారావాహికకు ఇచ్చిన ఈ గీతాన్ని ఆయన రచనల పరిశీలనలో భాగంగా చదవవలసి ఉంది.

4.2. ఒక పాత్ర, ముగ్గురు నటులు

అమృతరావు పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో పోషించారు. సంజీవని పాత్రలోనూ నటీమణులు మారారు. కేంద్రపాత్ర ముఖం మారినా ధారావాహిక ఆగలేదు. అమృతరావు స్వభావంలోని అత్యాశ, ఆత్మవిశ్వాసం, వెనువెంటనే వచ్చే పశ్చాత్తాపం రచనలో స్థిరపడి ఉండడమే ఇందుకు కారణం. నటుడు మారినా ఆ పాత్ర ఆలోచించే తీరు మారలేదు. అరణ్యపర్వశేషాన్ని పూరించిన ఎర్రన దానిని నన్నయ పేరు మీదుగా రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, నన్నయ శైలితో మొదలుపెట్టి తిక్కన శైలి వైపు నడిపించాడని విమర్శకులు చెబుతారు. చేయి మారినా గ్రంథం ఒకటిగా నిలవాలన్న సంకల్పం అక్కడ పనిచేసింది. రెండు రచనల స్థాయి వేరైనా, చేతులు మారే రచనలో ఏకత్వాన్ని కాపాడే బాధ్యత రెండు చోట్లా ఒకే రకమైనది. ‘అమృతం’ రచనలో భాగస్వామి అయిన హర్షవర్ధనే తర్వాత ఆ పాత్రను ధరించడం గమనార్హం. నేపథ్యానికి, రంగస్థలానికి నడుమ ఉన్న గీత ఇక్కడ చెరిగిపోయింది.

4.3. నేపథ్య కర్తృత్వపు పరిమితి

ఈ వాదాన్ని అతిగా సాగదీయకూడదు. ఆంజనేయులు పాత్రలో గుండు హనుమంతరావు ఒక్కరే కొనసాగారు. ఆయన 2018లో మరణించారు. 2020లో జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ ధరించారు. ఆయన అనుభవజ్ఞుడైన నటుడు, రచయిత. అయినా పాత అంజిని ఎరిగిన ప్రేక్షకుడికి లోటు తెలుస్తూనే ఉంటుంది. అమృతరావు విషయంలో సాధ్యమైన మార్పు అంజి విషయంలో అంత సులువు కాలేదు. అమృతరావు హాస్యం ఎత్తుగడలో ఉంది, ఎత్తుగడ కాగితం మీద పుడుతుంది. అంజి హాస్యం ఆ ఎత్తుగడకు లొంగిపోయే మనిషి గొంతులో, బిక్కమొహంలో, మాటకు ముందు ఆగే క్షణంలో ఉంది. మొదటిది రచనాశ్రితమైన పాత్ర, రెండవది నటాశ్రితమైన పాత్ర. ధారావాహికల్లో ఏ పాత్ర ఏ కోవకు చెందుతుందో తేల్చితే తప్ప కర్తృత్వాన్ని న్యాయంగా పంచలేం. నేపథ్యబృందానికి సర్వకర్తృత్వం కట్టబెట్టడం, నటుడికే అంతా ఆపాదించడం రెండూ ఏకపక్ష నిర్ణయాలే.

5. నేపథ్యం నుండి ప్రసిద్ధిలోకి

‘అమృతం’ బృందంలో కొందరి పేర్లు తర్వాత అందరికీ తెలిశాయి. ఏలేటి ‘ఐతే’ (2003)తో చలనచిత్ర దర్శకులయ్యారు. గంగరాజు నిర్మించిన ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. దానికి కల్యాణి మాలిక్ సంగీతం అందించారు. కాంచి ‘మర్యాద రామన్న’ (2010)కు కథ అందించారు. హర్షవర్ధన్ ‘మనం’ (2014)కు సంభాషణలు రాశారు. వీరి తర్వాతి కృషిని పరిశీలించేవారికి ‘అమృతం’ ఒక ప్రయోగశాలగా కనిపిస్తుంది. పరిమిత స్థలం, కొద్దిపాటి పాత్రలు, బిగువైన కథనం అన్న క్రమశిక్షణ వారికి ఇక్కడే అలవడిందని భావించవచ్చు.

అయితే చలనచిత్రరంగంలో ప్రసిద్ధులైనందువల్లనే వీరి పేర్లు మనకు గుర్తున్నాయి. కెమెరా, కూర్పు, శబ్దగ్రహణం, సెట్టు, దుస్తులు, మేకప్ విభాగాల్లో పనిచేసినవారికి ఆ అవకాశం లేదు. భరతుడు అభినయంలో నాలుగవ భాగంగా గౌరవించిన పని వీరిదే. ధారావాహిక భాగాలు యూట్యూబ్‌లో లభ్యమవుతున్నాయి కనుక, 313 భాగాల టైటిల్స్‌ను వరుసగా నమోదు చేసి, ఎవరు ఏ భాగం రాశారో, ఎవరు కూర్చారో పట్టికగా తయారుచేయడం ఒక పరిశోధకుడికి సాధ్యమయ్యే పనే. ఆ పట్టిక ఉంటే రచయిత మారినప్పుడు హాస్యస్వభావం మారిందా, సంభాషణ నిడివి పెరిగిందా వంటి ప్రశ్నలకు ఊహతో గాక ఆధారాలతో సమాధానం చెప్పవచ్చు. దానికి తోడుగా సాంకేతికుల మౌఖిక కథనాలను సేకరించాలి. ధారావాహిక ముగిసి దశాబ్దం దాటిపోయింది కనుక ఈ పనిని ఇంకా వాయిదా వేయడం తగదు.

6. ముగింపు

‘అమృతం’ ఏకత్వం ఏ ఒక్క వ్యక్తిదీ కాదు. అది శీర్షికాగీతం, స్థిరమైన స్థలం, రచనలో నెలకొన్న పాత్రస్వభావం, ఒక నటుడి అనితరమైన ఉనికి కలిసిన ఫలితం. వీటిలో మొదటి మూడూ నేపథ్యబృందం సమకూర్చినవే. తాళపత్రప్రతి చివరి గద్యను, లేఖకుడి పేరును శ్రద్ధగా నమోదు చేసే సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. టెలివిజన్ పాఠ్యం చివర తెరపై కదిలిపోయే పేర్లకూ అదే శ్రద్ధ చూపినప్పుడు ఈ రంగంలో కర్తృత్వచర్చకు తగిన ఆధారం ఏర్పడుతుంది.