జర్నలిజం అధ్యాపక సంఘాలు – పత్రికాస్వేచ్ఛ: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పత్రికాస్వేచ్ఛపై జరిగే చర్చల్లో సంపాదకుడు, విలేకరి, యజమాని, ప్రభుత్వం తరచుగా కనిపిస్తారు. విలేకరిని తీర్చిదిద్దే అధ్యాపకుడు అరుదుగా కనిపిస్తాడు. అమెరికాలో పాఠశాల స్థాయి జర్నలిజం అధ్యాపకుల కోసం 1924లో ఏర్పడిన ‘జర్నలిజం ఎడ్యుకేషన్ అసోసియేషన్’ కృషిని, 1988 నాటి హేజెల్‌వుడ్ తీర్పు నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యార్థికి ప్రకటించిన స్వేచ్ఛ అధ్యాపకుని ఉద్యోగభద్రతపై ఆధారపడి ఉంటుందని, ఆ భద్రత లేనిచోట స్వేచ్ఛ పాఠ్యాంశంగా మాత్రమే మిగులుతుందని ప్రతిపాదిస్తుంది. ఈ అనుభవం తెలుగు ప్రాంతాల జర్నలిజం విద్యకు ఏ మేరకు వర్తిస్తుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: జర్నలిజం విద్య, పత్రికాస్వేచ్ఛ, అధ్యాపక సంఘం, ముందస్తు పరిశీలన, విద్యార్థి పత్రిక, ప్రయోగ పత్రిక.

1. ఉపోద్ఘాతం

జర్నలిజం మిగిలిన శాస్త్రాలవంటి బోధనాంశం కాదు. రసాయనశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో చేసిన పని ప్రయోగశాలలోనే ముగుస్తుంది. జర్నలిజం విద్యార్థి చేసిన పని అచ్చయి పదిమంది చేతుల్లోకి వెళుతుంది. అందులో ఎవరో ఒకరి పేరు ఉంటుంది, ఎవరో ఒకరి తప్పు ఉంటుంది, ఒక్కోసారి ఆ విద్యాసంస్థ తప్పే ఉంటుంది. కాబట్టి ఈ బోధనాంశంలో అధ్యాపకుని స్థితి విలక్షణమైనది. ప్రశ్నించడం నేర్పవలసినవాడు, తన విద్యార్థులు ప్రశ్నించబోయే అధికారం కిందనే ఉద్యోగం చేస్తుంటాడు.

ఈ వైరుధ్యం నుంచే జర్నలిజం అధ్యాపక సంఘాల ప్రత్యేకత పుట్టింది. సాధారణ ఉపాధ్యాయ సంఘం వేతనాల గురించి, బదిలీల గురించి మాట్లాడుతుంది. విద్వత్ పరిషత్తు పరిశోధన గురించి మాట్లాడుతుంది. జర్నలిజం అధ్యాపక సంఘం ఈ రెండింటితోపాటు తన సభ్యుల తరగతిగదిలో తయారయ్యే పత్రిక స్వేచ్ఛ గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. ఆ మాట ఎంతవరకు చెల్లుబాటయిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. సంఘాల ఆవిర్భావం

అమెరికాలో 1908లో మిస్సోరి విశ్వవిద్యాలయం జర్నలిజం పాఠశాలను ప్రారంభించింది. 1912లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పులిట్జర్ విరాళంతో మరొకటి మొదలైంది. అదే సంవత్సరం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలర్డ్ బ్లేయర్ చొరవతో షికాగోలో విశ్వవిద్యాలయ జర్నలిజం అధ్యాపకుల సంఘం ఏర్పడింది. ప్రస్తుతం ‘అసోసియేషన్ ఫర్ ఎడ్యుకేషన్ ఇన్ జర్నలిజం అండ్ మాస్ కమ్యూనికేషన్’ అనే పేరుతో ఉన్న సంస్థకు మూలం అదే. పత్రికా కార్యాలయంలో పనిచేస్తూ నేర్చుకోవలసిన విద్యకు విశ్వవిద్యాలయంలో చోటెందుకని అడిగేవారు ఆనాడు తక్కువేమీ కాదు. అందువల్ల తమ శాస్త్రానికి గౌరవం సంపాదించడమే తొలితరం అధ్యాపకులకు ప్రధాన లక్ష్యమైంది. పరిశోధన పత్రిక, పాఠ్యక్రమ ప్రమాణాలు, గుర్తింపు విధానం ఈ దిశలోనే రూపొందాయి.

1924లో ఏర్పడిన జర్నలిజం ఎడ్యుకేషన్ అసోసియేషన్ పరిస్థితి వేరు. దీని సభ్యుల్లో ఎక్కువమంది ఉన్నత పాఠశాలల్లో పాఠం చెబుతూ, విద్యార్థి పత్రికకు సలహాదారులుగా పనిచేసేవారు. విశ్వవిద్యాలయ ఆచార్యునికి ఉండే పదవీభద్రత, విద్యాస్వాతంత్ర్య సంప్రదాయం వీరికి అంతగా లేవు. పాఠశాల అధికారికి నచ్చని వార్త వస్తే పత్రిక బాధ్యత మరొకరికి అప్పగించవచ్చు. అందుచేత ఈ సంఘానికి పత్రికాస్వేచ్ఛ ఆదర్శ వాక్యంగా కాక దైనందిన ఉద్యోగ సమస్యగా ఎదురైంది. ఈ వ్యాసం ప్రధానంగా ఈ సంఘాన్నే పరిశీలనకు తీసుకోవడానికి కారణం ఇదే.

3. హేజెల్‌వుడ్ తీర్పులో అధ్యాపకుడు

1965లో అయోవా రాష్ట్రంలో వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్లపట్టీలు ధరించిన విద్యార్థుల్ని పాఠశాల అధికారులు సస్పెండ్ చేశారు. 1969లో ‘టింకర్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన నిలిచింది. పాఠశాల పనికి గణనీయమైన ఆటంకం కలిగితే తప్ప విద్యార్థుల భావప్రకటనను అణచరాదన్నది ఆ తీర్పు సారాంశం. సుమారు రెండు దశాబ్దాలు విద్యార్థి పత్రికలు ఈ నీడలోనే నడిచాయి.

1983 మే నెలలో మిస్సోరి రాష్ట్రంలోని హేజెల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాలలో ‘స్పెక్ట్రమ్’ అనే విద్యార్థి పత్రిక వెలువడవలసి ఉంది. జర్నలిజం తరగతి విద్యార్థులే దానిని తయారుచేసేవారు. ఆ సంచికలో టీనేజీ గర్భధారణ గురించి ఒక కథనం, తల్లిదండ్రుల విడాకులు పిల్లలపై చూపే ప్రభావం గురించి మరొక కథనం ఉన్నాయి. ప్రూఫులు చూసిన ప్రిన్సిపాల్ ఆ కథనాలున్న రెండు పుటలనూ తొలగించమన్నాడు. పేర్లు మార్చినా విద్యార్థినులను గుర్తుపట్టవచ్చుననీ, విడాకుల కథనంలో విమర్శకు గురైన తండ్రికి జవాబిచ్చే అవకాశం ఇవ్వలేదనీ ఆయన అభ్యంతరం. ఆరు పుటల సంచిక నాలుగు పుటలతో వచ్చింది. విద్యార్థులు న్యాయస్థానానికి వెళ్ళారు. జిల్లా న్యాయస్థానం పాఠశాలను, అప్పీలు న్యాయస్థానం విద్యార్థులను సమర్థించాయి. 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5–3 ఆధిక్యంతో పాఠశాల పక్షాన తీర్పునిచ్చింది. పాఠ్యక్రమంలో భాగమైన పత్రికను సహేతుకమైన బోధనా ప్రయోజనం కోసం పాఠశాల నియంత్రించవచ్చునని పేర్కొన్నది.

ఈ కేసు విద్యార్థి హక్కుల కేసుగా ప్రసిద్ధి పొందింది. అందులోని అధ్యాపకుని కథకు తగినంత ప్రాధాన్యం లభించలేదు. ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి.

మొదటిది, పత్రికను నడిపించిన అధ్యాపకుడు ఏప్రిల్ 29న, అంటే సంచిక తయారీ చివరిదశలో ఉండగా, పాఠశాల ఉద్యోగం వదిలి ప్రైవేటు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మిగిలిన కొద్ది వారాలకు మరొక అధ్యాపకుడు బాధ్యత తీసుకొని, అలవాటు ప్రకారం ప్రూఫులను ప్రిన్సిపాల్ దగ్గరకు పంపాడు. ప్రిన్సిపాల్ చెప్పిన అభ్యంతరాలు రెండూ నిజానికి మంచి పాఠాలు. ఆధారమిచ్చిన వ్యక్తి గోప్యతను ఎలా కాపాడాలి, విమర్శకు గురైనవారి వివరణ ఎందుకు తీసుకోవాలి అన్నవి ఏ జర్నలిజం తరగతిలోనైనా చెప్పవలసినవే. విద్యార్థులకు అవి పాఠాలుగా అందలేదు. పుటల తొలగింపుగా అందాయి.

రెండవది మరింత కీలకం. పత్రిక పాఠశాలదే అని నిరూపించడానికి తీర్పు చూపిన ఆధారాల్లో ఆ పాత అధ్యాపకుని శ్రమ ఒకటి. సంపాదకుల్ని ఎంపిక చేయడం, ప్రచురణ తేదీలు నిర్ణయించడం, కథనాంశాలు అప్పగించడం, రచనలు దిద్దడం, ముద్రణాలయంతో వ్యవహరించడం అన్నీ ఆయనే చేసేవాడు. శ్రద్ధగా పాఠం చెప్పిన అధ్యాపకుని ప్రతి పనీ పాఠశాల యాజమాన్యానికి సాక్ష్యమైంది. ఎంత చేయిపట్టి నేర్పితే, విద్యార్థి అంతగా హక్కు కోల్పోయే పరిస్థితి ఏర్పడింది. బోధన మీద పడిన ఈ నీడను న్యాయశాస్త్ర చర్చలకన్నా ముందుగా గుర్తించవలసినవారు అధ్యాపకులే.

4. సంఘం స్పందన – పరిమితులు

జర్నలిజం ఎడ్యుకేషన్ అసోసియేషన్ స్పందనలో మూడు పాయలు కనిపిస్తాయి. మొదటిది సిద్ధాంతపరమైనది. పత్రికలో ఏముండాలో నిర్ణయించవలసినది విద్యార్థి సంపాదకులేననీ, సలహాదారుడు ప్రశ్నలడిగి దారిచూపాలే తప్ప నిర్ణయాలను తన చేతిలోకి తీసుకోరాదనీ సంఘం తన నియమావళిలో స్పష్టం చేసింది. అచ్చుకు ముందు అధికారులు పత్రికను చదివే పద్ధతికి విద్యాపరమైన ప్రయోజనం లేదన్నది సంఘం వైఖరి. తొలగించమని ఆదేశించడమే నియంత్రణ అని అందరూ ఒప్పుకుంటారు. ఊరికే చదువుతామని అడగడం కూడా విద్యార్థిని స్వీయ నియంత్రణకు నెడుతుందని చెప్పడం సంఘం చేసిన విలువైన సూత్రీకరణ.

రెండవది వృత్తిపరమైనది. పరీక్ష ద్వారా అధ్యాపకులకు యోగ్యతాపత్రాలివ్వడం, సమావేశాలు నిర్వహించడం, స్వేచ్ఛను ఆచరించే పాఠశాలలకు పురస్కారాలివ్వడం ఇందులో భాగాలు. మూడవది శాసనపరమైనది. సుప్రీంకోర్టు తీర్పు రాజ్యాంగం ఇచ్చే కనీస రక్షణను మాత్రమే నిర్ణయించింది కాబట్టి, రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువ రక్షణను చట్టం ద్వారా ఇవ్వవచ్చు. కాలిఫోర్నియా 1977లోనే అటువంటి చట్టం చేసింది. హేజెల్‌వుడ్ తీర్పు తరువాత మసాచుసెట్స్, అయోవా, కొలరాడో, కాన్సాస్, ఆర్కాన్సా ఆ దారి పట్టాయి. 1974లో ఏర్పడిన ‘స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్’, జాతీయ, ప్రాంతీయ అధ్యాపక సంఘాలు కలిసి ఈ ఉద్యమాన్ని ముందుకు తీసుకువెళ్ళాయి. 2015లో నార్త్ డకోటా చట్టంతో ఇది మళ్ళీ వేగం అందుకొంది.

వీటిలో 2008లో కాలిఫోర్నియా తెచ్చిన సవరణ ప్రత్యేకంగా పరిశీలించదగినది. విద్యార్థికి హక్కు ఇచ్చి మూడు దశాబ్దాలు గడిచిన తరువాత, విద్యార్థి హక్కును కాపాడినందుకు అధ్యాపకుణ్ణి తొలగించరాదు, బదిలీ చేయరాదు, శిక్షించరాదు అని మరొక చట్టం అవసరమైంది. విద్యార్థిని తాకడానికి వీల్లేనప్పుడు ఒత్తిడి అధ్యాపకునిపైకి మళ్ళుతుందన్న అనుభవానికి ఈ సవరణే శాసనరూపంలోని ఒప్పుకోలు.

రక్షణ ఉన్నచోట ఏం జరుగుతుందో 2017 నాటి కాన్సాస్ ఉదంతం చూపుతుంది. పిట్స్‌బర్గ్ ఉన్నత పాఠశాల విద్యార్థి పత్రిక ‘బూస్టర్ రెడక్స్’, కొత్తగా నియమితురాలైన ప్రిన్సిపాల్ విద్యార్హతలపై పరిశోధించి సందేహాలు ప్రచురించింది. ఆమె రాజీనామా చేశారు. పత్రిక సలహాదారు స్వయంగా నియామక సంఘంలో ఉన్నందున ఆ కథనం నుంచి పక్కకు తప్పుకోగా, రాష్ట్ర పాఠశాల పత్రికల సంఘం ప్రతినిధి విద్యార్థులకు అండగా నిలిచారు. అధ్యాపకురాలు నైతిక కారణంతో వదిలిన చోటును సంఘం నింపింది. హేజెల్‌వుడ్‌లో అధ్యాపకుడు వెళ్ళిపోయినప్పుడు ఆ చోటు ఖాళీగానే ఉండిపోయిందన్నది ఇక్కడ పోల్చిచూడవలసిన విషయం.

సంఘం పరిమితులనూ చెప్పుకోవాలి. ఇప్పటికీ సగానికన్నా తక్కువ రాష్ట్రాల్లోనే ఇటువంటి చట్టాలున్నాయి. సంఘం తీర్మానాలు పాఠశాల యాజమాన్యాన్ని కట్టిపడేయలేవు. పురస్కారాలు అప్పటికే స్వేచ్ఛను అనుభవిస్తున్న పాఠశాలలకు దక్కుతాయి. దాని అవసరం ఎక్కువగా ఉన్న పాఠశాల దరఖాస్తు చేసే స్థితిలోనే ఉండదు. సంఘం తన ఆశయాన్ని స్వేచ్ఛ, బాధ్యత అనే జంటపదాలతో చెప్పుకొంటుంది. బాధ్యత అన్న పదాన్ని అధ్యాపకుడు వృత్తినీతిగా అర్థం చేసుకుంటే, అధికారి విధేయతగా అర్థం చేసుకోవచ్చు. ఈ సందిగ్ధతను సంఘం పూర్తిగా పరిష్కరించలేదు. పైగా రాజ్యాంగ రక్షణ ప్రభుత్వ పాఠశాలలకే వర్తిస్తుంది. ప్రైవేటు విద్యాసంస్థల విద్యార్థులు చాలావరకు దాని పరిధికి వెలుపలే ఉన్నారు.

5. తెలుగు ప్రాంతాలతో అనుబంధం

ఈ చరిత్రకు తెలుగు నేలతో ఒక ప్రత్యక్ష సంబంధం ఉంది. అమెరికాలో జర్నలిజం విద్య చరిత్రను 1935లో గ్రంథస్థం చేసిన డిఫారెస్ట్ ఓడెల్, 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖకు ఆద్యుడయ్యాడు. ఆ విధంగా అమెరికా నమూనా హైదరాబాదుకు చేరింది. వార్తారచన, సంపాదన, ప్రయోగ పత్రిక వంటి అంశాలు పాఠ్యక్రమంలో స్థిరపడ్డాయి. పాఠ్యక్రమం వచ్చినంత సులభంగా అధ్యాపకుని చుట్టూ ఉండవలసిన వృత్తిసంఘ కవచం రాలేదు.

విద్యార్థి స్వేచ్ఛకు తెలుగువారి చరిత్రలో పూర్వరంగం లేదనుకోవడం సరికాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తరువాత రాజమండ్రిలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్ళారు. శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయ వృత్తికి సిద్ధమవుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఈ సందర్భంలోనే కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. మరుసటి సంవత్సరం బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక రచనకుగాను జైలుకు వెళ్ళారు. అయోవా నల్లపట్టీలకు 58 ఏళ్ళ ముందే రాజమండ్రిలో బ్యాడ్జీ వివాదం జరిగింది. ఉపాధ్యాయుడు కావలసిన వ్యక్తి పత్రికా సంపాదకుడై శిక్ష అనుభవించడం, ఈ రెండు వృత్తుల బంధుత్వానికి నిలువెత్తు ఉదాహరణ. వలసపాలనలో ఆయనకు అండగా నిలిచే అధ్యాపక సంఘం లేదు.

స్వతంత్ర భారతంలో 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛనిచ్చింది. 1950లో బ్రిజ్ భూషణ్ కేసులో సుప్రీంకోర్టు పత్రికపై విధించిన ముందస్తు సెన్సారును కొట్టివేసింది. జర్నలిజం విద్యార్థి ఈ తీర్పును పరీక్ష కోసం చదువుతాడు. అదే విద్యార్థి తయారుచేసిన ప్రయోగ పత్రికను అచ్చుకు ముందు ఎవరు చూడవచ్చు, ఎవరు ఆపవచ్చు అన్నదానికి అటువంటి స్పష్టమైన సమాధానం అతని పాఠ్యపుస్తకంలో ఉండదు. ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళికి లోబడి ఉంటాడు. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడాన్ని అది నియంత్రిస్తుంది. ప్రభుత్వ విధానాన్ని పరిశీలించే వార్త ఎలా రాయాలో అతడే నేర్పాలి. ఒప్పంద అధ్యాపకుడు, అతిథి అధ్యాపకుడు అయితే ఈ ఇరుకు మరింత బిగుస్తుంది. వచ్చే ఏడాది కొనసాగింపు ఉంటుందో లేదో తెలియని వ్యక్తి విద్యార్థిని ఎంత దూరం వెళ్ళనిస్తాడన్నది ఆలోచించవలసిన ప్రశ్న. పత్రికా సంస్థలే నడిపే జర్నలిజం పాఠశాలల్లో బోధకుడు సంస్థ ఉద్యోగి, విద్యార్థి రేపటి ఉద్యోగి. అక్కడ సమస్య రూపం మారుతుంది కానీ తొలగిపోదు.

6. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

విద్యార్థి పత్రిక స్వేచ్ఛ, అధ్యాపకుని ఉద్యోగభద్రత ఒకే సమస్యకు రెండు ముఖాలు. మొదటిదాన్ని చట్టం చేసి రెండవదాన్ని వదిలేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియా అనుభవం చూపింది.

హేజెల్‌వుడ్ తీర్పు అధ్యాపకుని బోధనాశ్రమను సంస్థ యాజమాన్యానికి సాక్ష్యంగా మార్చింది. సలహాకు, నిర్ణయానికి మధ్య గీత గీయడం ద్వారా అధ్యాపక సంఘం ఆ తర్కానికి జవాబు వెతికింది. ఆ జవాబు నైతికంగా బలమైనది, అమలులో పాక్షికమైనది.

తెలుగు రాష్ట్రాల్లో జర్నలిస్టు సంఘాలున్నాయి, అధ్యాపక సంఘాలున్నాయి. జర్నలిజం అధ్యాపకుని ప్రత్యేక సమస్య ఈ రెండింటి మధ్య పడిపోతోంది. ప్రయోగ పత్రికకు సంబంధించి విద్యార్థి సంపాదకుని నిర్ణయాధికారం, అధ్యాపకుని సలహా పరిధి, సంస్థాధికారి జోక్యానికి హద్దు అనే మూడింటినీ లిఖితపూర్వకంగా నిర్ణయించుకోవడం విశ్వవిద్యాలయ శాఖలు వెంటనే చేయదగిన పని. దానికి కొత్త చట్టం అవసరం లేదు. పాఠ్యప్రణాళికా సంఘం తీర్మానం చాలు. ఆ తీర్మానాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం ఒంటరి అధ్యాపకుడు చాలడు.