వేలిముద్ర యంత్రము చెప్పు తీర్పు

తూర్పు గోదావరి జిల్లాలో 2012లో చౌకధరల దుకాణములకు ఆధార్ వేలిముద్ర యంత్రములు ప్రయోగాత్మకంగా వచ్చినవి. బోగస్ కార్డులను ఏరివేయవలెనను ఉద్దేశము మంచిదే. యంత్రము చెప్పు తీర్పునే పరిశీలింపవలసి యున్నది.

ముద్రను సరిచూచుట బియ్యము తూచుట వంటిది కాదు. దాచియుంచిన ముద్రతో క్రొత్తది ఎంతవరకు పోలినదో ప్రోగ్రాము లెక్కగట్టును. ఆ లెక్క ఒక హద్దు దాటిననే మనిషి మనిషిగా చెల్లును. హద్దు పెంచినచో అసలువాడును వెనుకకు పోవును. తగ్గించినచో దొంగయు లోనికి వచ్చును. నాట్లలో, కోతలలో వ్రేళ్లు అరిగిన కూలికే మొదటి చిక్కు. బియ్యము పంచు జీ.ఓ.ను ఎవరైనను చదువవచ్చును. ఈ హద్దును చదువుట ఎట్లు?

ప్రోగ్రామును చదివి మార్చుకొను స్వేచ్ఛ వాడుకరికి ఉండవలెనని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళిక ప్రకటించెను. ఇది ఇంజనీర్ల ముచ్చట కాదు. 2018 ఆధార్ తీర్పులో న్యాయమూర్తి చంద్రచూడ్ తన భిన్నాభిప్రాయమున, మూలసంకేతము విదేశీ కంపెనీదనియు, ఆధార్ సంస్థ లైసెన్సుదారు మాత్రమేననియు వ్రాసిరి. మెజారిటీ న్యాయమూర్తులు పథకములకు ఆధార్‌ను సమర్థించుచునే, ముద్ర కలియలేదని అర్హులెవ్వరికిని లబ్ధి నిరాకరింపబడదన్న ప్రభుత్వ హామీని నమోదు చేసిరి. ఆ హామీ నిలువవలెనన్న, కలియని ప్రతిసారి కారణమును రసీదుపై అచ్చువేసి కూలి చేతికిచ్చుట కనీసపు పని.