తలనొప్పుల లెక్కలు - ఒక విమర్శ

వైద్యవిద్యార్థులలో తలనొప్పి ఎంతమందికి కలదు? ఈ విషయమై మన దేశమునందును, ఇతర దేశములందును అనేక సర్వేలు జరిగినవి. వాటిలోని పెద్ద అంకెలను చూడగానే "వైద్యవిద్యయే తలనొప్పికి కారణము" అని తీర్మానించుట సులభము. కాని ఆ తీర్మానమునకు ఆ అంకెలు మాత్రమే చాలవు.

మొదటి చిక్కు ప్రశ్నలోనే ఉన్నది. "గత సంవత్సరములో మీకు తలనొప్పి వచ్చినదా?" అని అడిగినచో జలుబునాటి నొప్పి, నిద్రలేమివలని నొప్పి, మైగ్రేను అన్నియు ఒకే లెక్కలో చేరును. అంతర్జాతీయ తలనొప్పి సంఘము 2018లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారము సామాన్యమైన మైగ్రేను అనుటకు, మందు పనిచేయనిచో 4 నుండి 72 గంటలు నిలుచు నొప్పి కనీసము 5 సార్లు వచ్చియుండవలెను. ఒక ప్రక్కనే నొప్పి, నాడి కొట్టుకొన్నట్లు పోటు, తీవ్రత, మెట్లెక్కినపుడు హెచ్చుట - వీనిలో రెండైనను ఉండవలెను. వికారమైనను, లేక వెలుతురు, శబ్దము రెండును సహింపలేకపోవుటయైనను తోడు కావలెను.

రెండవది, పోలిక. కర్ణాటకలో బెంగుళూరు నగరమునను, చుట్టుపట్ల పల్లెలలోను 18-65 ఏండ్లవారిని 2,329 మందిని ఇల్లిల్లు తిరిగి ప్రశ్నించిరి. 2015లో వెలువడిన ఫలితముల ప్రకారము ఏడాదిలో తలనొప్పి వచ్చినవారు నూటికి 63.9 మంది. మైగ్రేను గలవారు సుమారు నాలుగవ వంతు. సామాన్యజనులలోనే ఇంతమంది ఉండగా, వైద్యవిద్యార్థులలో నూటికి అరువదిమందని తేలినంతమాత్రమున చదువును నిందింపవచ్చునా? అదే వయస్సుగల ఇతర విద్యార్థులనుగూడ అవే ప్రశ్నలు అడిగిననే పోలిక కుదురును.

మూడవది, జవాబిచ్చినవారెవరు? ఇష్టమున్నవారే పత్రములు నింపినచో, నొప్పితో బాధపడువారే ముందుకు వచ్చుట సహజము.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నములోని ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులచే ఇట్టి లెక్క తీయింపదలచినచో, తరగతిలోని అందరిని అడుగవలెను. నెలకు ఎన్ని దినములు నొప్పి వచ్చినది, ఎన్ని దినములు బడి మానిరి, ఎన్ని దినములు మాత్రలు మ్రింగిరి అనునవి ముఖ్యమైన ప్రశ్నలు.

చివరి ప్రశ్న మిక్కిలి అవసరము. తరచు తలనొప్పి వచ్చువారు పారాసిటమాల్ వంటి మాత్రలను నెలకు 15 దినములు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినచో ఆ మందువలననే తలనొప్పి స్థిరపడవచ్చును. మందులనుగూర్చి తెలిసి, వైద్యుని అడుగక తామే మాత్రలు వేసికొను వైద్యవిద్యార్థికి ఈ ప్రమాదము దూరము కాదు. ఎందరికి తలనొప్పి కలదో చెప్పి ఊరకుండు సర్వే ఈ ప్రమాదమును మనకు చూపజాలదు.