వరండా చాలు

వానాకాలం వచ్చిందంటే శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరికి, విశాఖ నుంచి అరకుకు కార్లు బారులు తీరతాయి. కాటేజీలో సంచులు పడేసి, వ్యూ పాయింట్లన్నీ చుట్టేసి, చీకటిపడ్డాక అలసిపోయి పడుకుంటారు. పిట్టల మీద సరదా ఉన్నవాళ్లు సైతం కెమెరా మెడలో వేసుకుని జీపే ఎక్కుతారు. నన్నడిగితే పిట్టల్నీ పురుగుల్నీ చూడటానికి ఆ కాటేజీ వరండాను మించిన చోటు లేదు. తిరుగుతూ ఉంటే పిట్ట పేరు తెలుస్తుంది. అది ఏం తింటోందో, ఎవరితో తగువు పడుతోందో తెలియాలంటే కుదురుగా కూర్చోవాల్సిందే. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో సెల్‌బోర్న్ అనే పల్లె ఉంది. గిల్బర్ట్ వైట్ అనే మతబోధకుడు జీవితంలో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే గడిపి, చుట్టూ కనిపించినదంతా రాసిపెట్టి, 1789లో పుస్తకంగా తెచ్చాడు. చూపుకు ఒకేలా ఉండే మూడు బుల్లిపిట్టలు వేర్వేరు జాతులని ఆయన పట్టుకున్నది ముఖ్యంగా వాటి కూతల్లోని తేడాతోనే.

తెల్లవారకముందే లేచి, మట్టిరంగు బట్టల్లో, కదలకుండా కూర్చోవాలి. మొదటి పావుగంట చెవులకు పని చెప్పాలి. తర్వాత ఎండుకొమ్మో కరెంటు తీగో ఎంచుకుని దాని మీదే చూపు నిలపాలి. ఎగిరే పురుగుల్ని వేటాడే పిట్టలు మళ్లీ మళ్లీ అదే చోటికి వచ్చి వాలతాయి. తేనెటీగల్ని పట్టే ఆకుపచ్చ పసిరిక పిట్టనే చూడండి. ఈగను ముక్కున కరుచుకుని వచ్చి, కొమ్మకేసి రెండుమూడుసార్లు బాది, తోకవైపు భాగాన్ని కొమ్మ మీద రాస్తుంది. ముల్లు ఊడి, విషం కారిపోయాకే మింగుతుంది. ఇదంతా కొన్ని క్షణాల పని. జీపు ఆగి, కెమెరా లేచేసరికి అయిపోతుంది.

రాత్రి వంతు పురుగులది. తెల్లని దుప్పటిని దండెం మీద ఆరవేసి, ముందు ఒక బల్బు వేలాడదీస్తే చాలు. అమావాస్యకు దగ్గరగా, గాలి లేకుండా ఉక్కపోసే రాత్రయితే మరీ మంచిది. దుప్పటి మీద వాలిన రెక్కల పురుగుల్లో లావుపాటిది ఏదైనా ఎగరబోయే ముందు వణుకుతూ కనిపిస్తే, అది చలీ కాదు, భయమూ కాదు. ఎగరడానికి కావలసినంత వేడిని రెక్కల కండరాల్లో పుట్టించుకుంటోందన్నమాట.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. వరండా ముందుకు గోరింక, పికిలిపిట్ట, కాకి తప్ప ఏమొస్తాయంటారు. నిజమే, ఎక్కువగా వచ్చేవి అవే. కానీ మామూలు పిట్టల లెక్కే మనకు కరువు. 2023లో వెలువడిన భారతీయ పక్షుల స్థితి నివేదిక దాదాపు 30,000 మంది ఔత్సాహికులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా వివరాల మీద నిలబడింది. దసరా నాడు మనం వెతుక్కునే పాలపిట్ట తగ్గిపోతోందని చెప్పింది ఆ నివేదికే. అయితే సరదా మనుషుల లెక్కను నమ్మేదెలా? ఎంతసేపు చూశారో రాసి, గుర్తుపట్టిన ప్రతి పిట్టనూ జాబితాలో చేర్చితే నమ్మవచ్చు. నచ్చినవి మాత్రమే రాస్తే ఏది రాలేదో ఎవరికీ తెలియదు. ఇలాంటి జాబితాలు నమోదు చేసే ఈ-బర్డ్ లాంటి వేదికల్లో అనుమానం వచ్చిన నమోదులను అనుభవజ్ఞులు సరిచూస్తారు కూడా.

దీపం విషయంలో అభ్యంతరం ఇంకా గట్టిది. వెలుతురు పురుగుల్ని దారి తప్పిస్తుంది, గుడ్లు పెట్టాల్సిన సమయాన్ని తినేస్తుంది. అందుకే రెండు మూడు గంటలకు మించి బల్బు వెలగనివ్వకూడదు. తెల్లారేలోగా దుప్పటిని మెల్లగా దులిపి, మిగిలిన పురుగుల్ని పొదల్లోకి పంపేయాలి. లేదంటే తోక చీలిన నల్లటి ఏట్రింత పొద్దున్నే వచ్చి అక్కడే ఫలహారం చేస్తుంది. ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పించడమూ ఇలాంటి తప్పే, ముఖ్యంగా గూళ్లు కట్టే రోజుల్లో. ఇంత జాగ్రత్తపడినా మన బల్బు చేసే నష్టం చిన్నది. రిసార్టు ఆవరణలో రాత్రంతా వెలిగే తెల్ల లైట్లు చేసేదే పెద్దది. గది తీసుకునేటప్పుడే పదిన్నర తర్వాత వాటిని ఆర్పమని రిసెప్షన్‌లో అడగవచ్చు. అడిగేవాళ్లు పెరిగితే కరెంటు ఖర్చు చూసుకునైనా యజమానులు వింటారు.